గురువారం దెబ్బ

గేటు తెరిచే ముందు ఓరెన్ టేటమ్ పళ్లు తీస్తాడు.

పైవరుసలో ముందుపళ్లు నాలుగు, గులాబీరంగు పలకకు అతికించినవి. నాలుకతో తోసి, బొటనవేలితో లాగి, ఎర్రచుక్కల రుమాలులో చుడతాడు. టోపీ తీసి ఆ మూటను అందులో పడేస్తాడు. బోనుల పైన పరిచిన చెక్క చివర టోపీని వెల్లకిలా పెడతాడు. బోర్లా పెడితే అదృష్టం కారిపోతుందని అక్కడివాళ్ల నమ్మకం. అప్పుడు బోసినోటితో బరిలోకి దిగుతాడు.

అతని పని అడ్డం పడటం. రోడియో పోటీలో ఆబోతు మీద ఎక్కినవాడు ఎనిమిది సెకన్లు నిలుస్తాడు, లేదా నిలవడు. ఎలాగైనా కింద పడతాడు. పడ్డవాణ్ని ఆబోతు వదలదు. పొడవడానికి దానికి ఒక మనిషి కావాలి. పడ్డవాడు పాక్కుంటూ కంచె చేరేదాకా ఆ మనిషి ఓరెన్ అవుతాడు. ఓక్లహోమా ఆగ్నేయ మూలన, కయామిషీ కొండల కింద, ఇరవైఆరేళ్లుగా ప్రతి వేసవిలో ప్రతి శనివారం చేస్తున్నది ఇదే. ఇప్పుడతనికి నలభైనాలుగు.

పళ్లు ఊడగొట్టింది ఒక మచ్చల ఆబోతు. ఐదేళ్లు బోసినోటితోనే తిరిగాడు. ఏడాదికోసారి ధర్మానికి వైద్యం చేసే పళ్ల డాక్టర్లు లారీల్లో వచ్చి సంత మైదానంలో, పశువుల కొట్టంలో కుర్చీలు వేస్తారు. దూడల కొమ్ములు కోసేది కూడా ఆ కొట్టంలోనే. ఓరెన్ రెండు రోజులు వరుసలో నిలబడ్డాడు. కొలతలు తీసుకున్న అమ్మాయి ఇంకా చదువుకుంటోంది. "తినడానికి పనికొస్తాయి, నవ్వడానికి పనికొస్తాయి. తన్నులు తినడానికి మాత్రం కాదండోయ్" అంది. అందుకే తీసి దాస్తాడు.

మిగతా ఒళ్లంతా దాయడానికి చోటు లేనిది. దవడను పశువుల డాక్టరు తీగతో బిగించాడు. తెగిన చెవిని లాడాలు కొట్టేవాడి భార్య కుట్టింది. ఆమె పరుపులు కుట్టే మనిషి. కుట్టు ఇప్పటికీ తిన్నగా ఉంది.

అడ్డం పడటం అతను బరిలో నేర్చుకోలేదు. తండ్రి కలప లారీ నడిపేవాడు. దుంగలు దొరకని రోజు బెల్టు తీసేవాడు. ఎదురుపడ్డవాణ్ని కొట్టేవాడు. అప్పుడు ఓరెన్‌కు పదిహేనేళ్లు, తమ్ముడు లానీకి నాలుగు. ఓరెన్ బెల్టుకూ తమ్ముడికీ మధ్య నిలబడి, ఒక్కో అడుగు జరుగుతూ, తండ్రిని వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి పెరట్లోకి తిప్పేవాడు. అక్కడ తండ్రి అలిసిపోయేదాకా వీపు ఇచ్చేవాడు. తర్వాత ఆబోతులను తిప్పడానికి కొత్తగా పాఠాలు అక్కర్లేకపోయింది.

ఆ లానీ పెద్దవాడై ఆబోతులెక్కడం మొదలుపెట్టాడు. వద్దని ఓరెన్ చెప్పలేదు. తను ముందు నిలబడతాడు కదా, ఏమవుతుంది అనుకున్నాడు.

*

ఆ ఎండాకాలం లానీకి ముప్పైమూడేళ్లు. డోబిన్ ఊరి బయట ట్రైలర్లు తయారుచేసే షెడ్డులో వెల్డింగు చేసేవాడు. వారానికి ఇరవైతొమ్మిది గంటలు. ముప్పై నిండితే యజమాని ఆరోగ్య బీమా కట్టాలి. అందుకని శుక్రవారం మధ్యాహ్నం ఇరవైతొమ్మిదో గంట కొట్టగానే మేస్త్రీ వచ్చి మిషను ఆపేసేవాడు, సగం అతుకు మీద ఉన్నా సరే. ఊళ్లో ఆసుపత్రి ఉండేది. ఆరేళ్ల కిందట మూసేశారు. దాని కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. ఇప్పుడు దగ్గరి ఆసుపత్రి తొంభై మైళ్లు.

ఇక మిగిలింది రోడియో సంఘం కార్డు. కార్డుతో పాటు ఒక చిన్న ప్రమాద బీమా వస్తుంది. షరతు ఒక్కటే. దెబ్బ బరిలో తగలాలి. గేటు తెరిచింది మొదలు ఆబోతు తిరిగి లోపలికి వెళ్లేదాకా జరిగిందే లెక్క. పోటీ జడ్జి కళ్లారా చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. ఇంటి దగ్గర సాధన దొడ్డిలో తగిలింది దెబ్బ కాదు.

ఆ షరతులోంచి కొండల్లో ఒక అలవాటు పుట్టింది. దొడ్డిలో దెబ్బ తిన్నవాడు నోరు మూసుకుని దాన్ని శనివారం దాకా మోస్తాడు. బరిలో ఆబోతెక్కుతాడు, తలాడించి గేటు తెరిపిస్తాడు, రెండో దూకుకు చెయ్యి వదిలేస్తాడు. పడతాడు. పాత దెబ్బకు కొత్త రోజు దొరుకుతుంది. దెబ్బను బరికి తోలుకెళ్లడం అంటారు దాన్ని. ఓరెన్ కూడా తోలుకెళ్లాడు. ఓ ఏడాది భుజం ఎముక విరిగితే సోమవారం నుంచి శుక్రవారం దాకా చొక్కాలోపల చెయ్యి కట్టుకుని తిరిగి, బరిలో పడి, పట్నంలో ఇనుప పలక వేయించుకున్నాడు. ఆ కథ చెప్పి నలుగురినీ నవ్వించేవాడు.

గురువారం పొద్దు వాలుతుండగా ఓరెన్ ఇంటి వెనక దొడ్డిలో లానీ పడ్డాడు. పెద్ద ఆబోతు కూడా కాదు, రెండేళ్ల చారల కోడె. పడ్డవాడి మీదుగా దూకబోయి వెనక కాలు దింపింది. ఎడమవైపు, పక్కటెముకల అంచున. తడిబస్తాను సమ్మెటతో కొట్టినట్టు చప్పుడైంది. ఓరెన్ కోడె ముక్కు మీద అరచేత్తో చరిచి దాన్ని తిప్పేసరికి లానీ లేచి నిలబడ్డాడు. నవ్వాడు. కంచె పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

లానీ భార్య ట్వైలా బడి వంటశాలలో పనిచేసేది. ఏప్రను విప్పకుండానే పరుగెత్తుకొచ్చింది.

"బండెక్కు. ఆసుపత్రికి పోదాం."

"ఎముక విరిగుంటుంది. ఆళ్లు మాత్రం ఏం చేస్తారు, ఊపిరి పీల్చుకోమంటారు. అది నేనిక్కడే పీలుస్తున్నాగా."

"నీ మొహం చూసుకున్నావా? పిండి ముద్దలా ఉంది."

"పెళ్లినాడూ అలాగే ఉంది, అప్పుడు తెల్లగా ఉన్నావని మురిసిపోయావ్."

ట్వైలా నవ్వలేదు. ఓరెన్ వైపు తిరిగింది. "బావగారూ, మీరైనా చెప్పండి."

ఓరెన్ తమ్ముడి చొక్కా ఎత్తి చూశాడు. గిట్ట అచ్చు ఎర్రగా దిగి ఉంది. వేళ్లతో నొక్కాడు. ఎముక అతని వేలికింద కదిలింది. పక్కటెముకలతో అతనికి చాలా పరిచయం.

"ఇయ్యాల గురువారం. శనివారం మధ్యాహ్నం డోబిన్‌లో నీ పేరుంది. అప్పటిదాకా బిగబట్టు. రెండో దూకుకు వదిలెయ్. నేనుంటా" అన్నాడు.

ఆ మాట అతనే అన్నాడు. లానీ అడగలేదు.

*

శుక్రవారం లానీ పనికి వెళ్లాడు. సాయంత్రం ఓరెన్ చూడటానికి వెళ్తే వసారాలో కూర్చుని ఎడమ భుజం పట్టుకుని ఉన్నాడు.

"పక్కలో నొప్పి తగ్గిందన్నా. భుజంలోకి ఎక్కింది. ఇదేం చోద్యం, భుజాన్ని అది ముట్టుకోనే లేదు."

"తిరుగుతోందంటే పోతోందని" అన్నాడు ఓరెన్.

పొట్టలో నెత్తురు కారుతుంటే నొప్పి భుజంలో పలుకుతుందని అతనికి తెలియదు. అతనికి తెలిసినవన్నీ బయటికి కనిపించే దెబ్బలు. ట్వైలా దాణా దుకాణం నుంచి చేపల తొట్టెలో వేసే యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చింది, వాటికి డాక్టరు చీటీ అక్కర్లేదు. డబ్బా మీద బంగారు చేప బొమ్మ ఉంది. లానీ రెండు మింగి పెదాలు చేపలా ఆడించి చూపించాడు. ట్వైలా డబ్బా విసిరికొట్టింది. అది గోడకు తగిలి పగిలింది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు డోబిన్ రోడియో మైదానంలో దుమ్ము తెల్లగా లేస్తోంది. జనం ట్రక్కులు కంచె చుట్టూ ఆగాయి. ఆబోతుల బోనుల వెనక, ట్రైలరు నీడలో, లానీ నీళ్లు తాగుతున్నాడు. ఒక సీసా అయ్యాక ఇంకొకటి. పెదాలు బూడిదరంగుకు వచ్చాయి. ఎండలో అందరికీ చెమట కారుతోంది. అతని చర్మం చల్లగా ఉంది.

ఓరెన్ అతని మెడ మీద చెయ్యి వేసి తీసేశాడు.

"ఎక్కొద్దు."

"ఏంటి?"

"ఎక్కొద్దురా. బండెక్కు, నేను తీసుకెళ్తా."

"రెండు రోజులు మోశాను. ఇంకో గంట. ఇప్పుడా చెప్పేది?"

"అవును, ఇప్పుడే చెప్తున్నా."

"నీ భుజానికి ఇనుము వచ్చింది. నాకొస్తుంటే కడుపుమంటా?"

ఓరెన్ అతని చొక్కా పట్టుకుని ట్రక్కు వైపు ఈడ్చాడు. లానీ తల వెనక్కి లాగి ముందుకు కొట్టాడు. నుదురు ఓరెన్ ముక్కు మీద పడింది. ఎముక చిట్లి నెత్తురు రుచి నోట్లోకి వచ్చింది. ఓరెన్ వదల్లేదు. లానీ మోకాలితో తొడ మీద పొడిచాడు. ఓరెన్ పిడికిలి ఎత్తాడు. కొట్టాల్సింది ఎడమవైపు, అక్కడ తడితే లానీ పడిపోతాడు, పడిపోతే ఎత్తి బండిలో వేయొచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. లానీ ఎడమ చెయ్యి ఎత్తి పక్కను తెరిచి చూపించాడు.

"కొట్టు. నాన్నలా కొట్టు."

ఓరెన్ పిడికిలి అలాగే గాలిలో ఉండిపోయింది. లానీ చొక్కా సర్దుకుని బోనుల వైపు నడిచాడు.

*

లానీకి చీటీలో వచ్చిన ఆబోతు పేరు పాస్టరు. ఎంతటివాణ్నయినా మోకాళ్ల మీదికి తెస్తుందని ఆ పేరు పెట్టారు. నల్లది. ఎడమ కొమ్ము కిందికి వంగి ఉంటుంది. మిగతా ఆబోతులు ఎక్కినవాడు పడగానే ఒకసారి అటూ ఇటూ చూస్తాయి. ఆ చూపులోనే ఓరెన్ దూరతాడు. పాస్టరు చూడదు. ఎవరు పడ్డారో దానికి ముందే తెలిసినట్టు తిరుగుతుంది.

ఓరెన్ పళ్లు తీశాడు. రుమాలులో చుట్టాడు. రుమాలుకు ముక్కులోంచి కారిన నెత్తురు అంటింది. టోపీలో పడేసి టోపీని వెల్లకిలా పెట్టాడు. దిగాడు.

బోనులో లానీ తలాడించాడు.

గేటు తెరుచుకుంది. మొదటి దూకు. రెండో దూకు. లానీ అనుకున్నట్టే చెయ్యి వదిలాడు. అనుకున్న వైపు పడలేదు. ఎడమవైపు పడ్డాడు. మోచెయ్యి తన పక్కలోకే దిగింది. అరిచిన అరుపు జనంలో వినబడలేదు. ఓరెన్‌కు వినబడింది.

పాస్టరు తిరిగింది. ఓరెన్ దాని కళ్లముందుకు ఉరికి ముక్కు మీద చరిచాడు. అది అతన్ని చూడలేదు. భుజంతో తోసేసి పోయింది. వంగిన కొమ్మును లానీ తొడ కిందికి పెట్టి ఎత్తింది. లానీ గాలిలోకి లేచి, తిరిగి, మెడ మీద పడబోయి భుజం మీద పడ్డాడు. ఆబోతు మళ్లీ తల దించింది.

ఓరెన్ దాని తల మీద పడ్డాడు. రెండు చేతులతో వంగిన కొమ్మును వాటేసుకున్నాడు. అది తల విదిల్చింది. అతని కాళ్లు నేల వదిలాయి. కంచె దాకా ఈడ్చుకుపోయి పైపులకేసి నొక్కింది. ఒకసారి. పక్కటెముక విరిగింది. రెండోసారి. ఇంకొకటి. అతను కొమ్ము వదలకుండా తన నుదురుతో దాని కంటి మీద కొట్టాడు, మళ్లీ కొట్టాడు, అది చూసేదాకా కొట్టాడు. నురగ అతని మొహమంతా అయింది. అప్పుడు చూసింది. అతన్నే చూసింది. అదే కావాలి అతనికి. వదిలి, దుమ్ములో దొర్లి, లేచి, పక్కకు పరుగెత్తాడు. ఆబోతు అతని వెంటపడింది. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి పెరట్లోకి. గుర్రం మీది మనిషి తాడు విసిరాడు. గేటు మూసుకుంది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లానీ కూడా లేచి నిలబడ్డాడు. టోపీ దుమ్ము దులిపాడు. కంచె వైపు ఆరడుగులు నడిచాడు. ఏడో అడుగుకు కాళ్లు మడతపడి కూర్చుండిపోయాడు.

*

అంబులెన్సు మనిషి లొరీనా బిల్లీ ఆదివాసుల్లో చోక్టా తెగ మనిషి. యాభై దాటింది. వారమంతా తెగవాళ్లకు మాత్రమే వైద్యం చేసే ఆసుపత్రిలో పని, శనివారాలు ఇక్కడ. ఆమెకూ ఓరెన్‌కూ పాత పరాచికాలు ఉండేవి. మీ వాళ్లకేం, ఆసుపత్రికి పైసా కట్టక్కర్లేదు అని అతను ఏడిపిస్తే, "ఎందుక్కట్టలేదు? మా ముత్తాతలు ముందే కట్టేశారు. సర్కారుకి మిసిసిపీ దేశమంతా రాసిచ్చి, ఇక్కడిదాకా నడిచొచ్చి కట్టారు" అనేది.

ఇప్పుడామె పరాచికం ఆడలేదు. కత్తెరతో లానీ చొక్కా చీల్చింది. పొట్ట బిగిసి ఉంది. వేలితో తడితే చెక్కలా ఉంది. పక్కన గిట్ట అచ్చు. చుట్టూ మచ్చ. మచ్చ అంచులు ఆకుపచ్చగా, పసుపుగా మారి ఉన్నాయి.

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"ఇది ఎప్పటిది?"

జడ్జి ఎమ్మెట్ ఫ్రై పక్కనే ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఒక చేతిలో సంఘం కాగితాల పలక, ఇంకో చేతిలో కలం. రోజు, చోటు, ఆబోతు పేరు అప్పటికే రాసేశాడు. సంతకమే మిగిలింది.

"ఇప్పుడే" అన్నాడు లానీ. "ఇప్పుడే తగిలింది."

"నిన్నడగలేదు. నీ నాడి నా వేళ్లకి అందట్లేదు, నువ్వు మాట్లాడకు." లొరీనా ఓరెన్ వైపు చూసింది. "నువ్వు చెప్పు. ఇప్పటిదైతే రోడ్డు మీద తీసుకెళ్తా, గంటన్నర. పాతదైతే లోపల ఎప్పట్నుంచో కారుతోంది. అప్పుడు వీడికి గంటన్నర లేదు. హెలికాప్టర్ పిలవాలి."

ఆ కొండల్లో హెలికాప్టర్ పిలుస్తామంటే దాని బిల్లుకు జడిసి చచ్చినవాడు కూడా లేచి నడుస్తాడని సామెత. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లానీ ఓరెన్ మణికట్టు పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు. తల అడ్డంగా ఊపాడు. కళ్లతో బతిమాలాడు. ట్వైలా కంచె దాటి పరుగెత్తి వస్తోంది. ఇంకా సగం దూరంలో ఉంది.

ఓరెన్ నోట్లో పళ్లు లేవు. నెత్తురుంది. ఉమ్మాడు.

"గురువారం" అన్నాడు. "మా దొడ్డిలో."

గట్టిగా అన్నాడు. లొరీనా అప్పటికే రేడియో ఎత్తింది. లానీ అతని మణికట్టు వదిలేశాడు.

ఎమ్మెట్ కలానికి మూత పెట్టాడు. "ఆ మాట కాస్త మెల్లగా చెప్పి చావొచ్చు కదరా."

"మెల్లగా చెబితే ఆవిడకి వినబడదు పెద్దాయనా."

"నాకు వినబడకపోయేది."

"రెండూ కుదర్లేదు."

ముసలాయన రాసిన కాగితాన్ని పలక మీంచి చించి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో కాగితం తీశాడు. ఓరెన్ పక్క మీద చెయ్యి పెట్టి నొక్కాడు. ఓరెన్ మూలిగాడు. "ఇవి మాత్రం నేను కళ్లారా చూశాను" అని ఓరెన్ పేరు రాసి, సంతకం చేసి అతని చేతిలో పెట్టాడు. తర్వాత బోనుల దగ్గరికి నడిచి, చెక్క మీద వెల్లకిలా ఉన్న టోపీ తీసుకుని, జనం కూర్చున్న మెట్ల వైపు వెళ్లాడు. లోపలేముందో చూడలేదు. బరిలో ఎవడు పడినా చందాలకు టోపీ తిప్పడం అక్కడి ఆచారం. జడ్జి చేత్తో తిప్పడం ఎవరూ ఎరగరు.

హెలికాప్టర్ బరి నడుమనే దిగింది. దుమ్ము లేచి ఎవరికి ఎవరూ కనబడలేదు. బోనుల్లో ఆబోతులు పిచ్చెత్తి ఇనుముకేసి కొమ్ములు కొట్టుకున్నాయి. ఒకటి గేటు మీదికెక్కి విరగ్గొట్టింది. దుమ్ము అణిగేసరికి బరి ఖాళీగా ఉంది. లానీ పడిన చోట నేల మీద కత్తిరించిన చొక్కా ముక్క ఉంది.

ఎమ్మెట్ టోపీ తెచ్చి ఇచ్చాడు. నిండుగా ఉంది. నోట్ల అడుగున ఎర్రచుక్కల రుమాలు ఉంది. "పళ్లు కూడా ఎవడో వేశాడేమో అనుకున్నానురా, వెయ్యడానికి మిగిలిందదే అని" అన్నాడు ముసలాయన. ఓరెన్ రుమాలు విప్పి పళ్లు పెట్టుకుని, మిగతాది ఉన్నదున్నట్టే ట్వైలా ఒళ్లో కుమ్మరించాడు. కాగితాన్ని టోపీ పట్టీలో దోపాడు. ట్రక్కు తీశాడు. ఊరి పొలిమేర దాటాక ట్వైలా ఒకసారి, గట్టిగా, అతని చెంప మీద కొట్టింది. ట్రక్కు పక్కకు పోయి మళ్లీ రోడ్డెక్కింది.

*

లానీ ఎడమ పక్కటెముకల కింద చితికిన ప్లీహం తీసేశారు. పొట్టలో గడ్డకట్టిన పాత నెత్తురు ఉందనీ, పైన కొత్త నెత్తురు ఉందనీ, ఇంకో అరగంట అయితే ఇవన్నీ మాట్లాడుకోవాల్సిన పని ఉండేది కాదనీ సర్జను చెప్పాడు. అతను కుర్రవాడు, అలిసిపోయి ఉన్నాడు. ఓరెన్ నిలబడిన తీరు చూసి, "మీకు కూడా ఏదో అయినట్టుందే" అన్నాడు.

"నాది తర్వాత" అన్నాడు ఓరెన్.

తెల్లవారి ఏడింటికి లోపలికి వెళ్లనిచ్చారు. లానీ మెలకువగా ఉన్నాడు. ముక్కులో గొట్టం, చేతిలో గొట్టం. మొహానికి కాస్త రంగు వచ్చింది. ట్వైలా కుర్చీలో కూర్చునే నిద్రపోయింది.

"పళ్లు లేకపోయినా ఆ ఒక్క మాట ఎంత తేటగా పలికావన్నా" అన్నాడు లానీ.

ఓరెన్ మంచం కమ్మి పట్టుకుని నిలబడ్డాడు.

"రెండు రోజులు మోశాను. నువ్వే మొయ్యమన్నావ్."

"నేనే అన్నా."

"గాల్లో తెచ్చినోళ్లూ, పొట్ట కోసినోళ్లూ ఊరుకుంటారా? ఇక నా బతుకంతా ఈళ్లకే. నన్ను బతికించి అమ్మేశావ్."

"బతికున్నావ్ గదరా."

"అదే చెప్తున్నా."

లానీ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఓరెన్ కాసేపు అతని మెడ చూశాడు. చెవి వెనక పాత మచ్చ ఉంది, బెల్టు బిళ్ల అంచుది. ఆ ఒక్క రోజు ఓరెన్ అడ్డం పడటం ఆలస్యమైంది.

కిందికి దిగాడు. మెట్టు మెట్టుకూ పక్కటెముకలు ఒకదానికొకటి రాసుకున్నాయి. పేర్లు రాసుకునే బల్ల అద్దం వెనక ఉంది. ఉన్ని కోటు వేసుకున్న పెద్దావిడ, మెడలో గొలుసుకు కళ్లద్దాలు. ఎదురుగా కంప్యూటరు.

"రోగికి మీరేమవుతారు బాబూ?"

"అన్నని."

"కార్డులున్నాయా ఏమన్నా? బీమావి."

"లేవు."

ఆమె చూపు టోపీ పట్టీలో కాగితం మీద పడింది. "అదేంటి? రోడియో సంఘం వాళ్లది కదూ. రాత్రి వచ్చినాయన ఆబోతు కేసే. అదివ్వండి, నేను చూసుకుంటా. బరిలో తగిలిందనేగా?"

కాగితం మీద టేటమ్ అని ఉంది. నిన్నటి రోజు ఉంది. పాస్టరు పేరు ఉంది. ఎడమ పక్క అని ఉంది. ముందున్న పేరు ఎమ్మెట్ వణికే చేత్తో రాసింది, ఏదైనా కావచ్చు. అద్దం అడుగున సందులోంచి ఆమె చెయ్యి చాపింది.

ఓరెన్ ఆ చెయ్యి చూశాడు. ఆకుపచ్చ మచ్చను లొరీనా చూసింది, సర్జను చూశాడు. సంఘం మనిషి కూడా ఎప్పుడో ఒకరోజు చూస్తాడు. ఆ తర్వాత ఎమ్మెట్ సంతకానికి విలువుండదు. కార్డు జేబులో పెట్టుకుని బోనులో కూర్చునే ఏ కుర్రవాడి దెబ్బకూ ఉండదు.

కాగితం పట్టీలోనే ఉంచాడు.

"ఇది నాది. వాడిది మా దొడ్డిలో తగిలింది. గురువారం. కోడె నాది. ఎక్కించింది నేను."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. "అట్లా రాస్తే మరి పూచీ ఎవరో ఒకరి పేరు వెయ్యాలి బాబూ. ఖర్చు వాళ్ల మీదికే వస్తుంది. వాళ్లింటికే మనుషులొస్తారు. పేషెంటు పేరే వెయ్యమంటారా?"

"ఆగండమ్మా" అన్నాడు.

నాలుకతో తోశాడు. బొటనవేలితో లాగాడు. నాలుగు పళ్లూ చేతిలోకి వచ్చాయి. ఎర్రచుక్కల రుమాలు తీసి చుట్టాడు. టోపీ తీసి మూటను అందులో పడేశాడు. అద్దం ముందు, బల్ల అంచున, టోపీని వెల్లకిలా పెట్టాడు. ఆవిడ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

బోసినోటితో తన పేరు ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాడు.